నల్లగొండ గుట్టల గాలిలో మీటరున్నర గ్లైడర్: ఒక వానకాలం వాడిన తరువాత

గత ఏప్రిల్‌లో నేను ఒక గ్లైడర్ కిట్టు కొన్నాను. దాని రెక్కల నిడివి 1.5 మీటర్లు. దానికి మోటారు గానీ పంకా గానీ లేవు. గుట్ట అంచున నిలబడి ఎదురుగాలిలోకి విసిరితే, వాలుకు తగిలి పైకి మళ్ళే గాలి మీదనే అది నిలబడాలి. నేల మీద ఉన్న మనిషి రేడియోతో దానిని నడపాలి. కిట్టును తయారుచేసింది హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు మనుషులు నడుపుకొనే ఒక చిన్న కార్ఖానా. నేను చూపించిన లోపాలలో కొన్నింటిని సరిదిద్దే పనిలో ఉన్నామని వారు అంటున్నారు కనుక వారి పేరు ఇక్కడ రాయడం లేదు. కిట్టు ధర 7,500 రూపాయలు. సర్వోలు (రెక్కలోని, తోకలోని కదిలే పలకలను తిప్పే చిన్న పరికరాలు), రిసీవర్ (రేడియో సంకేతాన్ని అందుకొనేది), బ్యాటరీ, రేడియో మనమే కొనుక్కోవాలి.

దీనిని "స్లోప్ రేసింగ్ సాధన కోసం" అని చెప్పి అమ్ముతున్నారు. అందువల్ల ఆ పందెం కొలతతోనే దీనిని తూచడం న్యాయం. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నియమావళిలో ఈ పందేన్ని ఎఫ్3ఎఫ్ అంటారు. గుట్ట అంచు వెంబడి 100 మీటర్ల ఎడంలో రెండు హద్దులు ఉంటాయి. గ్లైడర్ వాటి మధ్య పదిసార్లు పరుగెత్తి మొత్తం 1,000 మీటర్లు పూర్తిచేయాలి. చేతి నుండి విడిచిన తరువాత హద్దులోకి ప్రవేశించడానికి 30 సెకన్ల గడువు ఉంటుంది. అది దాటితే గ్లైడర్ ఎక్కడ ఉన్నా గడియారం మొదలవుతుంది. గాలి వేగం సెకనుకు 3 మీటర్లకు తగ్గకుండా, 25 మీటర్లకు మించకుండా ఉండాలి. వాలుకు ఎదురుగా వచ్చే దిశ నుండి 45 డిగ్రీలకు మించి పక్కకు తిరగకూడదు. గ్లైడర్ బరువు 5 కిలోలు దాటరాదు. ఒక రౌండులో అందరికన్నా తక్కువ సమయంలో ముగించిన వారికి 1,000 పాయింట్లు, మిగిలినవారికి ఆ సమయంతో పోల్చిన నిష్పత్తిలో పాయింట్లు వస్తాయి. ఈ విభాగంలో మొదటి ప్రపంచ పోటీలు 2012లో జర్మనీలోని ర్యూగెన్ ద్వీపంలో జరిగాయి. అక్కడ సముద్రం మీదుగా ఏ అడ్డూ లేకుండా వచ్చే గాలి నిటారైన గట్టును తాకి నున్నగా పైకి లేస్తుంది. ఆ స్థాయి పోటీలలో ఎగిరేవి దాదాపు 3 మీటర్ల నిడివి గల, అచ్చులో పోసిన కార్బన్ గ్లైడర్లు; ఒక్కొక్కటి మన దగ్గర మంచి మోటారు సైకిలు ధరకు తక్కువ ఉండదు.

మా గుట్టలు అటువంటివి కావు. నల్లగొండ నుండి దేవరకొండ వైపు గానీ, పాలమూరు వైపు గానీ పోతూ ఉంటే చదునైన చెలకల నడుమ ఒక్కొక్కటిగా లేచి నిలబడిన రాతిగుట్టలు కనబడతాయి. కొత్తగా ఈ ఆట మొదలుపెట్టిన వారెవరైనా వాటిని చూసి ఎక్కడికక్కడే ఎగరవేయవచ్చునని సంబరపడతారు. నేనూ మొదటి సంవత్సరం అలాగే సంబరపడ్డాను. కాని ఒంటిగుట్టకు ఎదురుగా వచ్చిన గాలిలో ఎక్కువ భాగం దాని మీదుగా ఎక్కదు. వాగులో బండకు తగిలిన నీటిలాగా రెండు పక్కలా చీలిపోయి వెళ్తుంది. పైకి లేచే గాలి నడిమిన ఒక సన్నని పట్టీగా మాత్రమే మిగులుతుంది, ఆ పట్టీలో 100 మీటర్ల పరుగు పట్టదు. కావలసింది గాలికి అడ్డంగా కనీసం రెండు మూడు వందల మీటర్లు సాగిన వరుస గుట్ట. నైరుతి రుతుపవనాల కాలంలో మాకు గాలి పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది గనుక దాని ముఖం కూడా అటే ఉండాలి. మా ఊరికి పడమట అటువంటిది ఒకటి ఉండడం మా అదృష్టం. మిరుగం దాటిన తరువాత ఆషాఢమంతా మధ్యాహ్నపు వేళ ఆ అంచు మీద నా చేతి గాలిమాపకం సెకనుకు 6 నుండి 8 మీటర్లు చూపించింది.

ఆ గుట్టకు కూడా రెండు అవలక్షణాలు ఉన్నాయి. వాలు నిండా గుండ్లు, గుండ్ల సందులలో సీతాఫలం పొదలు, సర్కారు తుమ్మ. వాటి మీదుగా ఎక్కి వచ్చే గాలి నున్నగా ఉండదు, గతుకుల బాట మీద బండిలాగా గ్లైడర్‌ను కుదుపుతుంది. అంచు దాటి వెనుకకు వెళ్తే గాలి సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. ఎగిరేవారు దానిని రోటర్ అంటారు. దిగడానికి కాస్త చదును ఉన్నది ఆ రోటర్‌లోనే. అంటే ప్రతి దిగుడూ ఏదో ఒక బండ మీదనో ముళ్ళకంప మీదనో అవుతుంది. ఈ కిట్టు మంచిచెడ్డలన్నీ ఈ రెండు అవలక్షణాలతో ముడిపడి ఉన్నాయి.

కిట్టు శరీరం, రెక్కల మూలరూపం ఈపీపీ అనే ఫోమ్‌తో చేసినవి. చూపుకు థర్మోకోల్‌ను పోలి ఉంటుంది గాని గుణం వేరు. థర్మోకోల్ విరుగుతుంది; ఇది నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంది. రెక్కలో 6 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టం వెన్నుగా ఉంటుంది. దానికి పైనా కిందా దారపు పోగులున్న స్ట్రాపింగ్ టేపు లాగి అంటించి, ఆ పైన వేడికి అతుక్కొనే ల్యామినేషన్ ఫిల్మ్‌ను ఇస్త్రీపెట్టెతో పరచాలి. నాలుగు సాయంత్రాల పని. ఫోమ్ కోత శుభ్రంగా ఉంది. సర్వోలకు, బ్యాటరీకి గుంటలు ముందే తీసి ఉన్నాయి, సర్వోల కొలతలు సరిపోయాయి. తోక ముక్క ఒకటి పార్సిలులో వంగి వచ్చింది. ఫోన్ చేస్తే నాలుగు రోజులలో మరొకటి పంపారు, డబ్బు అడగలేదు. నేను 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఆరు ఛానళ్ళ పాత రేడియోనే వాడాను, దాని గురించి చెప్పవలసింది ఏమీ లేదు. అన్నీ బిగించిన తరువాత కిరాణా కొట్టు కాటా మీద పెడితే 940 గ్రాములు తూగింది. రెక్కల వైశాల్యం సుమారు 30 చదరపు డెసిమీటర్లు గనుక ఒక్కొక్క చదరపు డెసిమీటరు మీద పడే బరువు 31 గ్రాములు. ఎఫ్3ఎఫ్ నియమం 75 గ్రాముల వరకు అనుమతిస్తుంది; దీనిని బట్టి ఇది ఎంత తేలికైన యంత్రమో ఊహించవచ్చు.

తయారీలో ఒక హెచ్చరిక. మే నెలలో పూర్తయిన రెక్కలను కారు వెనుక సీటు మీద ఉంచి ఒక పెళ్ళికి వెళ్ళాను. రెండు గంటల తరువాత వచ్చి చూస్తే ఫిల్మ్ ముడతలు పడి, ఎడమ రెక్క కొస కొద్దిగా మెలి తిరిగి ఉంది. ఇది కిట్టు దోషం కాదు, నాదే. ఆ మెలికను చేతితో ఎదురు తిప్పి పట్టుకొని, ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో నడిపితే తిరిగి సరయింది. అయినా మన ఎండలకు ముదురు రంగు ఫిల్మ్ తీసుకోవడం తెలివైన పని కాదు.

తయారీదారుల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు గురుత్వకేంద్రం గురించి. గ్లైడర్ ఏ బిందువు దగ్గర తూగాలో కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంది: రెక్క ముందంచు నుండి 68 మిల్లీమీటర్లు. నేను ఆ మాట నమ్మి అలాగే తూచి, జూన్ రెండో వారంలో గుట్టకు తీసుకుపోయాను. మిత్రుడు విసిరిన మరుక్షణమే అది ముక్కు పైకెత్తి, నేను రేడియో మీది కర్రను కాస్త ముందుకు నెట్టగానే కిందికి దూకి, మళ్ళీ ఎత్తి, పొగరుబోతు కోడెలాగా మూడు నాలుగుసార్లు గంతులు వేసింది. తోకబరువు గ్లైడర్ లక్షణం అదే. వేలు కదిలిస్తే చాలు మితిమీరి స్పందిస్తుంది. అదృష్టవశాత్తు ఎదురుగా గుట్ట కిందికి ఖాళీ ఉంది గనుక బతికి బయటపడింది. ముక్కులో సీసం పెట్టి ఐదైదు గ్రాములుగా పెంచుకుంటూ, ప్రతిసారీ పైనుండి 45 డిగ్రీల వాలున దూకించి కర్రను వదిలి చూశాను. తనంతట తానే ముక్కు గబుక్కున ఎత్తితే ముక్కు బరువు ఎక్కువ, ఇంకా లోనికి దూరిపోతే తోక బరువు ఎక్కువ, నెమ్మదిగా లేస్తే సరి. చివరకు 60 మిల్లీమీటర్ల దగ్గర కుదిరింది. ఎనిమిది మిల్లీమీటర్లు చిన్న తేడాగా కనిపించవచ్చు. కాని ఇది మొదటి గ్లైడర్‌గా కొన్న పిల్లవాడి చేతిలో అయితే ఆ తేడాతో కిట్టు మొదటి రోజే ముగిసిపోయేది.

ఆ లోటు సరిదిద్దిన తరువాత గ్లైడర్ నడత నన్ను నిజంగా సంతోషపెట్టింది. సెకనుకు 5 మీటర్ల గాలిలో కూడా గుట్ట అంచుకు ఎగువన హాయిగా నిలబడుతుంది. తిరిగేటప్పుడు కొస రెక్క ఒరిగిపోయి పడే దుర్గుణం లేదు. గతుకుల గాలిలో కుదుపు ఉంటుంది, అది ఏ తేలికైన గ్లైడర్‌కైనా తప్పదు. మేము నలుగురం కలిసి అంచు వెంబడి 100 మీటర్లు టేపుతో కొలిచి, రెండు కొసలా ఎర్రగుడ్డ కట్టిన వాసాలు పాతాము. గ్లైడర్ ముక్కు హద్దు దాటిన క్షణం అక్కడ కూర్చున్న మనిషి సంకేతం ఇవ్వాలి. మొదట ఈలలు వాడాము గాని ఎదురుగాలిలో ఈల వినపడలేదు; ఐస్ బండికి ఉండే రబ్బరు హారన్లు రెండు తెచ్చిన తరువాత ఆ బాధ తీరింది.

సెకనుకు 7 మీటర్ల గాలిలో, అదనపు బరువు లేకుండా, పది పరుగులకు నా మంచి సమయం 74 సెకన్లు. మంచి గాలిలో ప్రపంచ స్థాయి పోటీదారులు ఇదే దూరాన్ని 40 సెకన్లలోపు ముగిస్తారు. అయితే మాకు కావలసిన పోలిక వారితో కాదు, మాలో మాకే. ఈ పందెంలో సమయం పోయేది సూటి పరుగులో కన్నా మలుపులలో. పది పరుగులకు తొమ్మిది మలుపులు. హద్దు దాటిన హారన్ చెవిన పడగానే రెక్కను నిటారుకు దగ్గరగా ఒరగబెట్టి ఎలివేటర్‌ను, అంటే ముక్కును ఎత్తే తోక పలకను, లాగాలి. ఆలస్యమైతే దూరం వృథా, తొందరపడి హద్దు దాటకుండానే తిరిగితే వెనక్కు వెళ్ళి మళ్ళీ దాటాలి. రెక్క 60 డిగ్రీలు ఒరిగిన మలుపులో దాని మీద భారం రెట్టింపు అవుతుంది, 75 డిగ్రీలలో దాదాపు నాలుగు రెట్లు.

ఈ కిట్టు రెక్క బలహీనత అక్కడే బయటపడుతుంది. వంగుడును 6 మిల్లీమీటర్ల గొట్టం తట్టుకుంటుంది, మెలికను తట్టుకోదు. గట్టి మలుపులో ఐలరాన్‌ను, అంటే గ్లైడర్‌ను పక్కకు ఒరిగించే రెక్క వెనుకంచు పలకను, కదిలిస్తే రెక్క కొస ఎదురు దిశకు మెలి తిరగడం నేల మీద నుండి కంటికే కనిపించింది. అంటే సగం ఆజ్ఞ గాలిలోనే కలిసిపోతుంది. ఒకసారి పైనుండి వేగంగా దూకించినప్పుడు వెనుకంచు తూనీగ రెక్కలాగా ధ్వని చేస్తూ వణికింది. ఇంటికి వచ్చి ఫిల్మ్ విప్పి, రెక్క పైనా కిందా స్ట్రాపింగ్ టేపును ఏటవాలుగా గుణకారపు గుర్తులాగా అంటించాను. వెనుకంచుకు కొద్దిగా ముందు 3 మిల్లీమీటర్ల కార్బన్ కడ్డీ పొదిగి మళ్ళీ ఫిల్మ్ వేశాను. బరువు 30 గ్రాములు పెరిగింది. దానికి సాటిగా గ్లైడర్‌లో అక్కరలేని లోహపు బిగింపులు తీసివేసి 940 దగ్గరకే తెచ్చాను. వణుకు పోయింది. ఈ రెండు పనులూ 200 రూపాయల సామానుతో అయ్యేవే. రేసింగ్ పేరుతో అమ్మే కిట్టులో వాటిని తయారీదారులే చేసి ఇవ్వకపోవడానికి నాకు కారణం కనిపించలేదు.

గాలి బలంగా ఉన్నప్పుడు గ్లైడర్‌కు బరువు పెంచడం ఈ ఆటలో రహస్యమేమీ కాదు. బరువు పెరిగితే అది జారే కోణం మారదు, అదే కోణంలో జారే వేగం పెరుగుతుంది. కిందికి దిగే వేగమూ అంతే పెరుగుతుంది గనుక దానిని మోయగలిగినంత గాలి ఉండాలి. వేగం పెరిగేది బరువు నిష్పత్తికి వర్గమూలంగా. 940 గ్రాములకు 300 చేర్చి 1,240 చేస్తే వేగం సుమారు 15 శాతం పెరుగుతుంది, 450 చేర్చితే 22 శాతం వరకు. కిట్టులో ఇందుకోసం పొట్ట భాగంలో ఒక గొట్టం అమర్చారు. నేను నాగార్జునసాగర్ వైపు వలలకు కట్టే సీసపు గుండ్లు కిలో తెచ్చి, కరిగించి, ఆ గొట్టంలో పట్టే కడ్డీలుగా పోసుకున్నాను. సీసం కరిగించేటప్పుడు ఆరుబయట, పొగ మన మీదికి రాకుండా గాలి వచ్చే వైపున నిలబడాలి. పొగ మంచిది కాదు.

ఆలోచన మంచిదే గాని గొట్టం పెట్టిన చోటు తప్పు. దాని నడిమి భాగం గురుత్వకేంద్రానికి 20 మిల్లీమీటర్లు వెనుక ఉంది. అందువల్ల 300 గ్రాములు వేసిన ప్రతిసారీ కేంద్రం దాదాపు 5 మిల్లీమీటర్లు వెనక్కు జరిగి గ్లైడర్ మళ్ళీ పాత పొగరుబోతు అవుతుంది. దానికి విరుగుడుగా ముక్కులో ఇంకొంత సీసం పెట్టవలసి వస్తుంది. పందెం మధ్యలో గాలి మారినప్పుడు ఈ తంటా పడే వ్యవధి ఎక్కడిది? చివరకు ఫోమ్‌ను ముందుకు చెక్కి గొట్టాన్ని జరిపాను. ఆ తరువాత 300 గ్రాముల బరువుతో, అదే 7 మీటర్ల గాలిలో, మా వాళ్ళలో ఒకరు ఇదే గ్లైడర్‌ను 66 సెకన్లలో ముగించారు. ఆ రౌండులో నా 74 సెకన్లకు లెక్క ప్రకారం వచ్చింది 892 పాయింట్లు. 450 గ్రాములు మాత్రం మా గుట్టకు ఎక్కువే. గాలి 5 మీటర్లకు తగ్గిన ఒక సాయంత్రం ఆ బరువుతో ఎగిరించి 83 సెకన్లు తీసుకున్నాను, చివరి రెండు పరుగులు అంచుకు దిగువన, ప్రాణం అరచేతిలో పెట్టుకొని.

బరువు ఎంత వేయాలన్నది గాలిమాపకం ఒక్కటే చెప్పదు. మా గుట్ట మీద మేకలు మేపే పెద్దాయన ఒకరు మాకన్నా బాగా చెప్పగలరు. ఒక మధ్యాహ్నం నేను విసరబోతూ ఉంటే, "జర ఆగు సారూ, మబ్బు నీడ చెలకల మీదికెల్లి వస్తున్నది, గాలి సల్లవడ్తది" అన్నారు. "ఎంతసేపు కాకా?" అని అడిగితే, "నీడ చెరువు దాటేదాక" అన్నారు. ఎండ పడ్డ నేల నుండి లేచే వేడిగాలి తోడైనంతసేపు వాలు గాలికి బలం ఉంటుంది. నీడ కమ్మితే ఆ తోడు పోతుంది. పందెంలో ఒకరి తరువాత ఒకరు ఎగురుతారు కనుక ఎవరి వంతుకు నీడ వస్తుందన్నది చాలావరకు అదృష్టం. తేలికైన గ్లైడర్ ఆ దురదృష్టాన్ని కొంత క్షమిస్తుంది. ఈ కిట్టు మంచి గుణాలలో ఇదొకటి.

గట్టిదనం విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. జూన్ నుండి ఆగస్టు చివరి వరకు, నా లెక్కలో, అరవైకి పైగా దిగుళ్ళు. అందులో సగం బండల మీద, రెండు తుమ్మకంపలో, ఒకటి నిలువునా ముక్కు మీద. ఆ ముక్కు అంగుళం మేర నొక్కుకుపోయింది. వేడినీళ్ళు పోస్తే ముప్పాతిక వంతు తిరిగి ఉబ్బింది. ఒక సర్వో పళ్ళు అరిగాయి, అది నేను కొన్న ప్లాస్టిక్ పళ్ళ సర్వో, నా పిసినారితనం. అచ్చులో పోసిన కార్బన్ గ్లైడర్ అయితే వీటిలో మొదటి పదిలోనే రెక్క పగిలేది.

ఎక్కడ ఎగరవేయాలన్న మాట కూడా కొనేవారికి అవసరం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల నుండి 2 కిలోల వరకు బరువున్నవి మైక్రో తరగతి; ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదు. కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో మీ గుట్ట ఏ రంగులో ఉందో చూసుకోవాలి. సాగర్ ప్రాజెక్టు పరిసరాల గుట్టలు ఎంత ఊరించినా అటు పోవద్దు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచులు కూడా అంతే. నల్లగొండ పట్టణంలోని లతీఫ్ సాహెబ్ గుట్ట, పాలమూరు దగ్గరి మన్యంకొండ వంటి చోట్లకు భక్తులు వస్తూ పోతూ ఉంటారు. గంటకు 50 కిలోమీటర్లు దాటి వచ్చే కిలో బరువు మనిషికి తగలడం ఊహించుకుంటే చాలు.

ఇంతకుముందు ఏదైనా రేడియో విమానం నడిపి, ఐలరాన్‌కూ ఎలివేటర్‌కూ చేతులు అలవాటైన వారు, దగ్గరలో పడమటి ముఖపు వరుస గుట్ట ఉన్నవారు ఈ కిట్టును కొనవచ్చు. 68 మిల్లీమీటర్ల అంకెను కొట్టివేసి 60 రాసుకొని, టేపు ఏటవాలుగా వేసి మొదలుపెట్టండి. పూర్తిగా కొత్తవారు తయారీదారులు ఆ కాగితం మార్చేదాకా ఆగడం మంచిది. చదును నేల తప్ప గుట్ట లేనివారికి ఇది అసలే పనికిరాదు. సెప్టెంబరులో నేను గొట్టం జరిపిన కొలతలు గీసి పంపితే, వచ్చే విడత కిట్లలో అలాగే పెడతామని వారు జవాబిచ్చారు. ఆ విడతలో ఒక జత రెక్కలు మాత్రం నాకు వేరుగా అమ్మమని అడిగాను. 3,200 రూపాయలు చెప్పారు, కార్బన్ కడ్డీ ముందే పొదిగి ఇస్తేనే తీసుకుంటానని చెప్పి ఉంచాను.